సంఘంలో డీకన్‌గా ఎన్నికయ్యారా? పని ఇలా మొదలుపెట్టండి

ఆదివారం ఆరాధనలో అయ్యగారు (పాస్టర్) మీ పేరు చదివారు. పెద్దలు ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. బయటికి రాగానే అందరూ చేతులు కలిపి, "వందనాలు బ్రదర్, ఇక మీరే చూసుకోవాలి" అన్నారు. ఏం చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు. సికింద్రాబాద్‌లో ఒక తెలుగు సంఘంలో పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మొదటి రెండేళ్ళు కుర్చీలు వేయించడం, మైకు సరిచూడడం, కానుక సంచులు తిప్పడం, ఇవే డీకన్ పనులు అనుకున్నాను. అవీ చేయాల్సినవే. కానీ వాటికంటే ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

ఒక చిన్న వివరణ. డీకన్ అనే మాటకు అన్ని సంఘాల్లోనూ ఒకే అర్థం లేదు. కథోలిక సంఘంలో అది అభిషేకం పొందిన పదవి. గురువు కాబోయేవారు ముందు డీకన్‌గా అభిషేకం పొందుతారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత, పెళ్ళయినవారు కూడా శాశ్వత డీకన్లుగా ఉండే పద్ధతి తిరిగి వచ్చింది. సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కూడా ప్రెస్బిటర్, అంటే అభిషేకం పొందిన పాస్టర్, కావడానికి ముందు మెట్టు అదే. బాప్టిస్టు సంఘాల్లో, చాలా స్వతంత్ర సంఘాల్లో మాత్రం డీకన్ అంటే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ సంఘ పరిచర్య చూసే మామూలు విశ్వాసి. నేను రాస్తున్నది ఈ రెండో రకం వారికోసం. మీది పాస్టరేట్ కమిటీ అయినా, పదవికి ఇంకో పేరున్నా, కింద చెప్పినవి చాలావరకు పనికొస్తాయి.

మొదటి పని: అపొస్తలుల కార్యములు 6 పెన్సిల్ పట్టుకుని చదవండి

మొదటి ఏడు వచనాలు చాలు. యెరూషలేము సంఘం పెరుగుతోంది. రోజూ భోజనం పంచుతున్నారు. గ్రీకు భాష మాట్లాడే యూదుల్లోని విధవరాండ్రకు అది సరిగా అందడం లేదు. సణుగుడు మొదలైంది. పంచేవాళ్ళు చెడ్డవాళ్ళని అక్కడ ఎక్కడా లేదు. మూలంలో ఉన్న గ్రీకు మాటకు, కంటికి ఆనకుండా దాటిపోవడం అన్న అర్థం ఉంది. అంటే వాళ్ళు ఎవరి కంటికీ ఆనలేదు. ఈ మాట కింద గీత గీయండి.

తర్వాత ఐదో వచనంలో ఎన్నుకున్న ఏడుగురి పేర్లు చూడండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఏ వర్గం విధవరాండ్రకు అన్నం అందలేదో, ఆ వర్గం భాష తెలిసినవాళ్ళ చేతికే గరిటె ఇచ్చారని నేను అర్థం చేసుకున్నాను. మన కమిటీల్లో ఇలా జరుగుతోందా అని ఆలోచించండి. హైదరాబాద్ సంఘాల్లో ఇప్పుడు ఎవరున్నారు? పాలమూరు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్‌గా ఉన్న కుటుంబాలు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీలు, ఆస్పత్రుల్లో పనిచేస్తూ హాస్టళ్ళలో ఉండే నర్సు అమ్మాయిలు. కమిటీలో ఎవరున్నారు? ముప్పై నలభై ఏళ్ళుగా ఒకే పేటలో ఉంటున్న పాత కుటుంబాలు. మీరు కూడా పాత కుటుంబం వారే అయితే, మొదటి నెలలోనే కొత్తవాళ్ళలో ఒకరిని మీ పక్కన పెట్టుకోండి. పదవి లేకపోయినా పర్వాలేదు.

ఆ అధ్యాయంలో డీకన్ అనే బిరుదు ఆ ఏడుగురికి ఇవ్వలేదు. కానీ సేవ, వడ్డన అని చెప్పిన గ్రీకు మాటలకు, డియాకొనోస్ అనే మాటకు మూలం ఒక్కటే. మన తెలుగు బైబిల్లో దాన్నే పరిచారకుడు అన్నారు. 1 తిమోతి 3లో 8 నుంచి 13 దాకా పరిచారకులు ఎలా ఉండాలో ఉంది. అక్కడ పదో వచనం దగ్గర ఆగండి. ముందు పరీక్షించి, తర్వాతే పని అప్పగించమంటుంది. మీ సంఘం మిమ్మల్ని ఏ పరీక్షా లేకుండా తీసుకుని ఉంటే, మీరే అయ్యగారిని అడిగి ఆరు నెలలు ఒక పాత డీకన్ వెంట తిరగండి. రోమా 16:1 కూడా చదవండి. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే గురించి పౌలు అక్కడ రాశాడు. మీ సంఘంలో స్త్రీలను డీకన్లుగా తీసుకోకపోతే, ఆ చర్చ పెద్దలు చేసుకుంటారు. ఈలోపు సగం పని స్త్రీల సమాజం అక్కల చేతుల మీదుగానే జరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

రెండో పని: పేర్ల నోటుబుక్

డీకన్‌కు అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు ఇదే. నేను దీన్ని ఎలా నేర్చుకున్నానో చెప్తాను.

2020 లాక్‌డౌన్‌లో మేము బియ్యం, పప్పు, నూనె పంచాం. లిస్టు ఎవరు రాశారు? నేనే. సంఘం వాట్సాప్ గ్రూపు తెరిచి, అందులో కష్టంలో ఉన్నవాళ్ళ పేర్లు రాసుకున్నాను. మూడు వారాలు చాలా క్రమంగా పంచాం. నాలుగో వారంలో స్త్రీల సమాజం అక్క ఒకామె ఫోన్ చేసి, వారాసిగూడలో ఉండే ఒక పెద్దమ్మ పేరు చెప్పి, "ఆమెకు ఇచ్చారా?" అని అడిగింది. ఆ పెద్దమ్మకు ఫోన్ లేదు. గ్రూపులో లేదు. మెంబర్‌షిప్ రిజిస్టర్‌లో ఇంకా చనిపోయిన భర్త పేరే ఉంది. వెంటనే వెళ్ళాను. పక్కింటి ముస్లిం కుటుంబం రోజూ వాళ్ళ వంటలోంచి ఆమెకు పెడుతోంది. నన్ను చూడగానే ఆమె ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "వచ్చినావా బిడ్డా, కూసో" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అపొస్తలుల కార్యములు 6 నాకు ఆ రోజే అర్థమైంది.

కాబట్టి నోటుబుక్ ఇలా రాయండి.

ముందు మెంబర్‌షిప్ రిజిస్టర్ తీసుకోండి. ప్రతి ఇంటికి ఒక పేజీ. కుటుంబ పెద్ద పేరు ఒక్కటే రాస్తే లాభం లేదు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ, ముఖ్యంగా ముసలివాళ్ళ పేర్లు, విడిగా రాయండి. తర్వాత బాప్తిస్మం రిజిస్టర్, సండే స్కూల్ హాజరు పట్టీ పక్కన పెట్టుకుని, మెంబర్‌షిప్‌లో లేని పేర్లు పట్టుకోండి. పిల్లలు సండే స్కూల్‌కి వస్తారు, తల్లి ఇళ్ళలో పనికి పోవడం వల్ల ఆరాధనకు రాలేదు. అలాంటి తల్లుల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

ఆ తర్వాత స్త్రీల సమాజంలో అందరికంటే పాత సభ్యురాలి దగ్గర ఒక గంట కూర్చోండి. ఆమెకు తెలియని ఇల్లు ఉండదు. చివరగా, ఒకప్పుడు వచ్చి ఇప్పుడు రానివాళ్ళ గురించి అడగండి. అద్దెలు పెరిగి ఘట్‌కేసర్, మేడ్చల్ వైపు వెళ్ళిపోయినవాళ్ళు, రెండు బస్సులు మారలేక మానేసినవాళ్ళు ఉంటారు. మనం మాత్రం "వాళ్ళు విశ్వాసంలో చల్లారిపోయారు" అనేస్తాం. చాలాసార్లు వాళ్ళ దగ్గర బస్సు ఛార్జీలు ఉండవు, అంతే.

ఒక్కో పేజీలో మీరు ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళారో తేదీ రాయండి. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం పేజీలు తిప్పండి. ఏ తేదీ పాతబడిందో ఆ ఇంటికే ముందు వెళ్ళాలి. ఫోన్‌లో రాసుకుంటే సరిపోదా అని కుర్రాళ్ళు అడుగుతారు. రాసుకోవచ్చు. కాకపోతే ఇంటి సంగతులు, అప్పులు, జబ్బులు అందులో ఉంటాయి కాబట్టి ఆ ఫైలు గ్రూపులో పెట్టకండి. పుస్తకమైనా బీరువాలోనే ఉండాలి.

మూడో పని: ఇళ్ళకు వెళ్ళడం

ఒంటరిగా వెళ్ళకండి. స్త్రీలు మాత్రమే ఉండే ఇంటికి భార్యతోనో, స్త్రీల సమాజం అక్కతోనో కలిసి వెళ్ళండి. ముందు రోజు కబురు చేయండి. ఇరవై నిమిషాలు మించకండి. టీ ఇస్తే తాగండి. పేద ఇంట్లో టీ వద్దంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

వెళ్ళి ప్రసంగం చేయకండి. ఆ పని అయ్యగారిది. మీరు వినాలి, చూడాలి. బీపీ మాత్రల షీటు ఎంతవరకు అయ్యిందో చూడండి. అయిపోవాల్సిన తేదీ దాటినా సగం మిగిలి ఉంటే, రెండు పూటల మాత్ర ఒక పూటే వేసుకుంటున్నారని అర్థం. గ్యాస్ మీద వంట జరుగుతోందా, కట్టెల పొయ్యి మీదా? పిల్లవాడు స్కూల్ టైంలో ఇంట్లో ఎందుకున్నాడు? "ఏమైనా కావాలా?" అని అడిగితే నూటికి తొంభై మంది "ప్రభువు కృప, బాగున్నాం" అంటారు. "మందులు ఎక్కడ తెచ్చుకుంటున్నారు, ఎన్ని రోజులకు వస్తాయి?" అని అడిగితే నిజం బయటికి వస్తుంది.

చివర ఒక చిన్న వాక్యం, ప్రార్థన. వాళ్ళ పేర్లు పెట్టి ప్రార్థించండి. బయటికి రాగానే గుర్తున్నవి నోటుబుక్‌లో రాయండి. వాళ్ళ ముందు రాయకండి, సర్వే అనుకుంటారు.

నాలుగో పని: కానుకల లెక్క

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను. డబ్బు దగ్గర జరిగే చిన్న పొరపాటు వల్ల సంఘాలు రెండుగా చీలిపోయాయి, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. అందుకే నమ్మకం ఉన్నా సరే, పద్ధతి పాటించాలి.

కానుక సంచులు ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వారు కాకూడదు. లెక్కించేటప్పుడే కాగితం మీద నోట్ల వివరం రాయండి: ఐదు వందలవి ఎన్ని, వందలవి ఎన్ని, చిల్లర ఎంత. కవర్ల మీద పేర్లున్న దశమభాగాలు (సంపాదనలో పదో వంతుగా ఇచ్చేవి) వేరుగా, మామూలు కానుకలు వేరుగా. ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేసి, ఆ రసీదు ఆ కాగితానికే పిన్ చేయాలి. మధ్యలో ఎవరైనా వచ్చి "అర్జెంటుగా రెండు వేలు ఇవ్వండి, తర్వాత రాసుకుందాం" అంటే, అడిగినవారు ఎంత పెద్దవారైనా సరే ఇవ్వకండి. ముందు బ్యాంకుకు వెళ్ళాలి, తర్వాతే ఖర్చు. యూపీఐ క్యూఆర్ కోడ్ పెడితే అది సంఘం ఖాతాదే కావాలి. ఏ ఒక్కరి సొంత నంబర్ కూడా గోడ మీద అంటించకండి.

బీదల నిధికి విడిగా పద్దు ఉంచండి. బిల్డింగ్ ఫండ్‌కు ఇచ్చింది పేదలకు, పేదలకు ఇచ్చింది సౌండ్ సిస్టమ్‌కు మళ్ళించకండి. ఇచ్చినవాళ్ళు ఏ ఉద్దేశంతో ఇచ్చారో దానికే వాడాలి.

హైదరాబాద్‌లో ఇంకో సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. మన సంఘాల్లో సగం ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్నారు. ప్రేమతో డబ్బు పంపుతామంటారు. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేని సంఘం విదేశీ విరాళాలు తీసుకోకూడదు. నమోదు ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. భారత పౌరసత్వం ఉన్నవారు అక్కడ పనిచేస్తూ తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం వస్తుంది. మన సొంత మేనల్లుడైనా సరే. కాబట్టి "పంపించండి బాబూ" అనే ముందు పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగండి, సంఘం ఆడిటర్‌తో మాట్లాడండి.

ఐదో పని: సాయం చేతికి అందించే తీరు

ఆదివారం అందరి ముందు పిలిచి బియ్యం సంచి ఇవ్వకండి. ఫోటోలు తీయకండి. తీసినా గ్రూపులో పెట్టకండి. సంఘం సాక్ష్యం కోసం అని ఎవరైనా అంటే, ఎడమ చేతికి తెలియకుండా కుడి చెయ్యి చేయమని ప్రభువే చెప్పిన మాట గుర్తు చేయండి. ఆ ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ఉంటుంది. తన తల్లి చెయ్యి చాచిన ఫోటోను తోటి యవ్వనస్తులు ఫోన్‌లో చూశారని తెలిస్తే, ఆ పిల్ల మళ్ళీ చర్చికి వస్తుందా? పని రోజున, చీకటి పడ్డాక, ఒక మామూలు సంచిలో ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి.

ఒకసారి ఇచ్చే సాయం కంటే, నెలనెలా వచ్చే హక్కు మేలు. తెలంగాణలో విధవరాలికో వృద్ధులకో ఇచ్చే ఆసరా పింఛను వస్తోందా లేదా కనుక్కోండి. 2019 నుంచి అది నెలకు 2,016 రూపాయలుగా ఇస్తూ వచ్చారు. తాజా మొత్తం ఎంతో, దరఖాస్తు ఎక్కడివ్వాలో అడిగి తెలుసుకుని, ఆధార్, భర్త మరణ ధ్రువీకరణ పత్రం సిద్ధం చేయించండి. చాలామందికి ఆగిపోయేది ఆ మరణ పత్రం దగ్గరే. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ ఉంటుంది. 2023 డిసెంబర్‌లో దాని కింద ఉచిత చికిత్స పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ప్రైవేటు ఆస్పత్రిలో అప్పు చేసి డబ్బు కట్టేముందు, అక్కడ ఆరోగ్యమిత్ర డెస్క్ ఉందేమో అడగమని చెప్పండి. ఈ ఒక్క మాట సమయానికి చెప్పి ఒక కుటుంబాన్ని వడ్డీ వ్యాపారి దాకా పోకుండా ఆపగలిగాం.

పని చేసే వయసున్న మనిషికి బియ్యం కంటే పని ముఖ్యం. మెదక్ చర్చి చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర ఆ చర్చి కట్టడంలో జనానికి పని చూపించి, ఆ కూలితో ఇళ్ళల్లో పొయ్యి వెలిగేలా చేశాడు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. మీ సంఘంలోనూ క్యాటరింగ్ చేసేవారు, స్కూల్ బస్సులు నడిపేవారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో ఉన్నవారు ఉంటారు. ఆదివారం ఆరాధన తర్వాత వాళ్ళలో ఇద్దరితో మాట్లాడితే ఒకరికి పని దొరుకుతుంది.

ఆరో పని: ఆస్పత్రి, మరణం

గాంధీలో గానీ ఉస్మానియాలో గానీ ఎవరైనా చేరితే, రోగికి ఎక్కువగా కావాల్సింది రాత్రి తోడుండే మనిషి. ఒకే కొడుకు ఉంటాడు. వాడు పగలు డ్యూటీకి పోవాలి, రాత్రి ఆస్పత్రిలో ఉండాలి. మూడో రోజుకు వాడూ పడిపోతాడు. యవ్వనస్తుల్లో ఆరుగురితో రాత్రి వంతులు వేయండి. వెళ్ళేవారు పళ్ళు తేవక్కర్లేదు, ఒక దుప్పటి, ఫ్లాస్కులో టీ తెస్తే చాలు. రక్తం గ్రూపులు నోటుబుక్‌లో ముందే రాసి ఉంచుకోండి.

మరణం వార్త వచ్చాక మొదటి గంటలో డీకన్ అక్కడ ఉండాలి. అయ్యగారికి ఫోన్ చేయండి. ఇంట్లో చనిపోతే డాక్టర్‌తో కారణం రాయించాలి, ఆస్పత్రిలో అయితే వాళ్ళ కాగితం తీసుకోవాలి. అది లేకుండా భూస్థాపన దగ్గర ఇబ్బంది వస్తుంది. నగరంలో పాత సమాధుల తోటల్లో చోటు చాలా తక్కువ. నారాయణగూడ లాంటి చోట్ల కుటుంబం పాత సమాధి ఉంటే దాని రసీదులు, నంబర్ ఉన్నాయేమో చూడమనండి. అవి ఎప్పుడూ ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి. మీరు ముందే, ఎవరూ చనిపోని రోజున, మీ సంఘానికి ఎక్కడ చోటుంది, ఎంత ఫీజు, ఎవరి సంతకం కావాలి అన్నది తెలుసుకుని ఒక పేజీలో రాసి పెట్టండి. ఏడుస్తున్న మనిషిని ఈ ప్రశ్నలు అడగకూడదు.

పెట్టె, బండి, పూలు, కుర్చీలు, షామియానా, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు డీకన్లు పంచుకోవాలి. ఖర్చు పెట్టేముందు ఇంటి పెద్దకొడుకుని పక్కకు పిలిచి ఎంతలో కావాలో మెల్లగా అడగండి. పెద్ద పెట్టె తెచ్చి తర్వాత బిల్లు ఇస్తే వాళ్ళకు అదొక టెన్షన్. ఇరవై ఒక్క రోజుల్లోపు మరణం నమోదు అయ్యిందో లేదో కూడా మీరే చూడాలి. ఆదరణ కూడిక అయిపోయి బంధువులు వెళ్ళాక, నెల రోజుల తర్వాత ఒకసారి వెళ్ళండి. అప్పుడు ఇల్లు ఖాళీగా ఉంటుంది. నోటుబుక్‌లో భర్త పేరున్న చోట ఆమె పేరు రాయండి.

ఏడో పని: ప్రభువు బల్ల

ప్రభువు బల్ల అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధన. ఇది చిన్నగానే చెప్తాను, మీ సంఘం పద్ధతి మీకు తెలుసు. శనివారం సాయంత్రమే గిన్నెలు, గ్లాసులు కడిగి ఆరబెట్టండి. ద్రాక్షారసం ఆదివారం పొద్దున్నే చూసుకోండి, వేసవిలో త్వరగా పులుస్తుంది. బల్ల ఆరాధన తర్వాత, మంచం మీద ఉన్నవాళ్ళ ఇళ్ళకు అయ్యగారిని తీసుకెళ్ళండి. ఎవరి ఇంటికి వెళ్ళాలో ఆయనకు గుర్తుండదు, మీ నోటుబుక్‌కు తెలుస్తుంది.

అయ్యగారితో మీ సంబంధం గురించి కూడా ఒక మాట. డీకన్లు ఆయన మీద ఇన్‌స్పెక్టర్లు కారు. ఆయన చెప్పినదానికల్లా తల ఊపేవాళ్ళూ కారు. వాక్యానికి, ప్రార్థనకు అపొస్తలులకు సమయం మిగలాలనే ఆ ఏడుగురిని ఏర్పరచారు. కరెంటు బిల్లు, మెట్ల మీద లీకేజీ, ఇద్దరు విశ్వాసుల మధ్య కుర్చీ గొడవ ఇవన్నీ అయ్యగారి దాకా వెళ్ళకముందే మీ దగ్గర ఆగిపోవాలి. ఆయన మీద ఫిర్యాదు వస్తే బయట మాట్లాడకుండా, ఇద్దరు వెళ్ళి నేరుగా ఆయనతోనే మాట్లాడండి.

చివరి పని: అప్పగించడం

పదవీకాలం అయిపోయాక చాలామంది తాళాలు మాత్రమే ఇచ్చి వెళ్ళిపోతారు. బ్యాంకులో సంతకాలు మార్పించండి. బీదల నిధి పద్దు ఇద్దరి ముందు అప్పగించండి. నోటుబుక్ ఇచ్చేటప్పుడు, కొత్త డీకన్‌ను వెంటబెట్టుకుని ఒక్కో ఇంటికి తీసుకెళ్ళి, "ఇకనుంచి ఈ తమ్ముడు వస్తాడమ్మా" అని చెప్పండి. ఫోన్ లేని ఇళ్ళకు ముందు వెళ్ళండి. మొదటి నెల ఇద్దరూ కలిసి తిరగండి. రెండో నెల నుంచి మీ బదులు ఒక అక్కనో, ఇంకో డీకన్‌నో ఆయనకు జతచేసి పంపండి.